కొండ ఎక్కిన కుండ
గోలకొండ మహళ్లు, మసీదులు, గుళ్లు

కొండమీద ఊరు కట్టుకొనడం మానవజాతికి క్రొత్త విద్య కాదు. శత్రువు దూరాన ఉండగానే కంటబడవలెనన్న జాగ్రత్త ఒకటి, దైవానికి కొంత దగ్గరగా ఉండవలెనన్న ఆశ మరొకటి, ఈ రెండును మనుష్యుని మైదానం నుండి శిఖరానికి నడిపించినవి. ఇటలీ దేశపు నడిమి భాగంలో ఇట్టి ఊళ్లు అనేకం కలవు. వానిలో ఓర్వియేతో ఒకటి. నిట్టనిలువు రాతిగుట్టపై వెలసిన ఆ పట్టణంలో 1290లో ఆరంభమైన మహాదేవాలయం ఉన్నది. ప్రభువుల భవనాలు ఉన్నవి. అయితే ఆ ఊరిలో చూపరులను మిక్కిలిగా ఆకర్షించేది ఒక బావి. 1527లో రోమ్ నగరాన్ని సైన్యాలు దోచుకొన్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ పారిపోయి ఓర్వియేతోలో తలదాచుకొన్నాడు. శత్రువు చుట్టుముట్టితే గుట్టమీది జనానికి నీళ్లెట్లా అన్న భయం ఆయనను పట్టుకొన్నది. ఆ భయం నుండి పుట్టినదే 53 మీటర్ల లోతుగల ఆ బావి. 1537 నాటికి అది పూర్తి అయినది. దిగే మెట్లవరుస ఒకటి, ఎక్కే వరుస మరొకటి. నీళ్లు మోసే గాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా శిల్పి ఏర్పాటు చేసినాడు.

సరిగా ఆ కాలంలోనే, అదే భయంతో, అదే ప్రశ్నతో, మన తెలుగునాట మరొక కొండ తలమీద ఒక నగరం లేస్తున్నది. అది గోలకొండ.

నేడు హైదరాబాదు నగరం నలువైపులా పెరిగి, బడంగ్‌పేట, శంషాబాదు వంటి పూర్వపు పల్లెలను కూడ తనలో కలుపుకొన్నది. ఆ ప్రాంతాల పాఠశాలల పిల్లలకు గోలకొండ ఒక్కపూట ప్రయాణం. ఏటేటా వారు వస్తారు. బాలాహిస్సారు ద్వారం క్రింద నిలిచి చప్పట్లు కొడతారు. ఆ చప్పుడు కొండకొన మీద వినిపిస్తుందని తెలిసి కేరింతలు కొడతారు. మెట్లు ఎక్కి, పైన గాలి పీల్చుకొని, దిగి, ఇంటిదారి పడతారు. చప్పట్లలో తప్పేమీ లేదు. కాని గోలకొండను చప్పుడు వినిపించే వింతగా మాత్రమే చూచినవారు ఒక నగరాన్ని చూడకుండానే తిరిగిపోయినవారవుతారు. గోలకొండ ఒక రాజు దాగిన కోట మాత్రమే కాదు. జనం బ్రతికిన ఊరు, నేటికీ బ్రతుకుతున్న ఊరు.

గొల్లల కొండ కనుక గోలకొండ అయినదని ఐతిహ్యం. కాకతీయుల కాలంలో ఇక్కడ ఒక మట్టికోట ఉండేదని చెబుతారు. ఓరుగల్లు పతనమైన తరువాత తెలుగు నాయకుల కూటమికి పెద్దయైన కాపయ నాయకుడు 1363 ప్రాంతంలో ఈ దుర్గాన్ని బహమనీ సుల్తానుకు వదలుకొనవలసి వచ్చినది. పారశీక దేశంలోని హమదాన్ ప్రాంతం నుండి బ్రతుకుతెరువు వెదకుకొంటూ వచ్చిన కులీ అనే యువకుడు బహమనీల కొలువులో అంచెలంచెలుగా పైకి వచ్చి తెలంగాణానికి పాలకుడైనాడు. కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఆయనే.

బాలాహిస్సారు ద్వారానికి సమీపంలో ఉన్న జామీ మసీదు ఈ నగర చరిత్రలో మొదటి పుట వంటిది. అందలి శాసనం 1518 నాటిది. విచిత్రమేమనగా, సర్వాధికారము తన చేత ఉన్నప్పటికీ, కులీ ఆ శాసనంలో తన పూర్వప్రభువైన బహమనీ సుల్తాను పేరును ప్రభువుగానే చెక్కించినాడు. ఆ మర్యాద ఆయన వంశంలోని తరువాతి తరానికి అబ్బలేదు. 1543లో, తొంబదేండ్లకు దగ్గరపడిన ఆ ముదుసలి ప్రార్థనలో ఉండగా, కుమారుడు జంషీదు ప్రేరణతో హతుడైనాడు. ఈ మసీదులోనే ఆ ఘోరం జరిగినదని చెబుతారు. దైవమందిరం గోడ రాజులోకపు నెత్తుటిని కూడ చూడవలసి వచ్చినది. అయినను ఆ గోడ కూలలేదు.

జంషీదుకు భయపడి పారిపోయిన తమ్ముడు ఇబ్రహీం విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు గడిపినాడు. అక్కడనే ఆయనకు తెలుగు రుచి తెలిసినది. 1550లో గోలకొండ గద్దె ఎక్కిన తరువాత ఆయన చేసిన పనులు రెండు విధాలు. ఒకటి రాతిపని. పాత గోడల స్థానంలో బలమైన రాతి ప్రాకారాన్ని నిర్మింపజేసినాడు. మక్కా దర్వాజా వద్దగల శాసనం 1559 నాటిది. ఆ ప్రాకారానికి 87 బురుజులు, 8 ద్వారాలు. ఫతే, బహమనీ, మక్కా, పటాన్‌చెరు, బంజారా, జమాలీ, నయాఖిల్లా, మోతీ అని వాని పేర్లు. ఈ పేర్లను ఒక్కసారి చదివినా ఏ దారి ఏ ఊరికి పోయినదో, ఎవరు ఎటునుండి వచ్చినారో కొంత తెలుస్తుంది.

రెండవది మాటలపని. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీంకు అంకితం చేసినాడు. ఆయన అధికారియైన అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు యయాతి చరిత్రమును అంకితమిచ్చినాడు. సంస్కృత పదాలను విడిచి అచ్చతెలుగులో వెలసిన మొదటి కావ్యమది. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామం దానంగా లభించినది. తెలుగు కవులు ఆ సుల్తానును పరాయివానిగా చూడలేదు. ఇబ్రహీం అన్న పేరును నోటికి అనువుగా మలచుకొని మల్కిభరాముడని పిలుచుకొన్నారు. కుతుబ్‌షాహీల ఫర్మానాలలో పారశీకంతోపాటు తెలుగునకు కూడ చోటు దొరకినది. అయితే చరిత్రలో తీపికి చేదు తోడుగానే వస్తుంది. తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై 1565లో జరిగిన యుద్ధంలో ఇతర సుల్తానులతో చేరి కత్తి ఎత్తినవారిలో ఈ మల్కిభరాముడు కూడ ఒకడు. ఒక మనిషిని ఒక్క మాటతో తూచరాదనడానికి ఇబ్రహీం జీవితమే నిదర్శనం.

ద్వారం దాటి లోనికి పోయినవారికి ముందుగా కొండ అడుగున మహళ్ల శిథిలాలు ఎదురవుతవి. రాణీమహలు ముంగిట జలయంత్రపు తొట్టి ఎండి ఉన్నది. గోడల మీది సున్నపుపూతలో పూవులు, తీగెలు అక్కడక్కడ మిగిలినవి. పైకప్పు పోయిన గదులలో ఆకాశం కనిపిస్తున్నది. పారశీకపు తివాసీలు, అత్తరు బుడ్లు, వజ్రాల పేటికలు ఉండిన చోట ఇప్పుడు గడ్డి మొలుస్తున్నది. ఈ వైభవానికి మూలం కృష్ణానదీ తీరపు కొల్లూరు వంటి గనులు. గోలకొండ కొండలో వజ్రం పుట్టలేదు. గనులలో కూలీలు త్రవ్వి తీసిన రాళ్లు ఇక్కడి అంగళ్లకు వచ్చి బేరమైనవి. అంతమాత్రాన గోలకొండ అన్న మాట ఐరోపా భాషలలో తరగని సంపదకు మారుపేరైపోయినది. అమెరికాలో ఇల్లినాయి, నెవాడా రాష్ట్రాలలో ఆ పేరుగల ఊళ్లు నేటికీ ఉన్నవి. గని కూలీ పేరు మాత్రం ఏ ఊరికీ పెట్టలేదు.

మహళ్లను దాటి మెట్లు ఎక్కేవారు నాలుగడుగులు ప్రక్కకు తొలగి చూడవలసినవి నీటి తొట్లు. ఓర్వియేతోలో పోపును బాధించిన ప్రశ్నకు గోలకొండ ఇచ్చిన సమాధానం ఇక్కడ ఉన్నది. ఇటలీవారు నీటికోసం లోతునకు దిగినారు; గోలకొండవారు నీటినే పైకి ఎక్కించినారు. దుర్గం చెరువు నుండి వచ్చిన నీరు మట్టి గొట్టాల ద్వారా కోటలోనికి పారినది. కుండలు కట్టిన చక్రాలను పశువులచే త్రిప్పించి ఆ నీటిని ఒక తొట్టి నుండి అంతకంటె ఎత్తున ఉన్న మరొక తొట్టికి, అక్కడి నుండి ఇంకొక తొట్టికి, అంచెలంచెలుగా కొండమీదికి చేర్చినారు. గోడలలో పొదిగిన ఆ మట్టిగొట్టాలు విరిగిన చోట్ల నేటికీ కంటబడుతవి. రాజు స్నానానికి, రాణి తోటకు, సిపాయి దప్పికకు, అన్నింటికీ ఆ కుండలే ఆధారం. వానిని త్రిప్పిన ఎడ్లకు, ఆ ఎడ్లను తోలిన మనుష్యులకు శాసనాలు లేవు.

మరికొన్ని మెట్లు ఎక్కితే ధాన్యాగారమైన అంబర్‌ఖానా వస్తుంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో, దానిని కట్టించినట్లు శాసనం చెబుతున్నది. ఆ సమీపంలోనే చీకటిగది. భద్రాచల రామదాసుగా లోకానికి తెలిసిన కంచర్ల గోపన్నను బంధించిన చెరసాల ఇదియే అని జనుల విశ్వాసం. తానీషా పాలనలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో రామునికి గుడి కట్టించినందుకు పన్నెండేండ్లు ఆయన చెర అనుభవించినాడని ప్రతీతి. గోడమీద సీతారామలక్ష్మణుల రూపాలు, హనుమంతుని రూపం చెక్కి ఉన్నవి. రామదాసు స్వయంగా చెక్కినవని భక్తులు నమ్ముతారు. కట్టినవారు దీనిని ఏ ప్రయోజనానికి కట్టినా, అక్కడ ఒక దీపం వెలిగిన నాటినుండి అది గుడి అయిపోయినది.

ఇంకను పైకి పోగా ఇబ్రహీం కుతుబ్‌షా పేరిట చిన్న మసీదు. దాని మీనారులు ఆకాశంలోనికి వ్రేళ్లు చాచినట్లుంటవి. దానికి అనతిదూరంలో పెద్ద బండరాళ్ల సందున జగదాంబా మహాకాళి ఆలయం. శిఖరాన రాజు కొలువుదీరిన బారాదరి. మొత్తం మీద సుమారు 360 మెట్లు. కొండ ఎత్తు దాదాపు 120 మీటర్లు. ఈ కొద్దిపాటి దూరంలో సుల్తాను కట్టించిన మసీదు, ఖైదీ గదిలో వెలసిన రాముడు, రాళ్ల నడుమ కొలువైన అమ్మవారు, ముగ్గురూ ఇరుగుపొరుగువారై ఉన్నారు. ఎవరి నీడ ఎవరిమీద పడినదని అక్కడి రాళ్లు ఎన్నడూ తగవులాడినట్లు లేదు.

బారాదరి మీద నిలిచి ఉత్తరదిక్కుగా చూచినవారికి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తవి. ఆ వంశపు రాజులలో ఒక్కరు మాత్రం అక్కడ లేరు. ఆ ఒక్కరు కడపటి సుల్తాను అబుల్ హసన్ తానీషా. ఆయన లేకపోవడం వెనుక ఒక తలుపు కథ ఉన్నది.

1687 జనవరిలో ఔరంగజేబు మహాసైన్యంతో వచ్చి కోటను చుట్టుముట్టినాడు. తానీషాకు చేదోడుగా ఉండిన తెలుగు మంత్రులు అక్కన్న మాదన్నలు అంతకు ముందటి ఏడే హతులైపోయినారు. అయినను కోట లొంగలేదు. గోడల క్రింద మొగలులు పెట్టిన మందుపాతరలు తిరగబడి వారినే చంపినవి. వానలు ముంచెత్తినవి, కరవు వచ్చినది, వెలుపలి శిబిరం మలమల మాడినది. లోపలివారికి తొట్లలో నీరుండెను, కొట్లలో గింజ ఉండెను. ఎనిమిది నెలలు గడచినవి. పోపు భయపడిన దప్పిక గోలకొండను జయించలేకపోయినది. సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా పణీ అనే సేనాని లంచానికి అమ్ముడుపోయి చిన్నతలుపు గడియ తీసినాడు. మొగలులు లోనికి వచ్చినారు. అబ్దుల్ రజాక్ లారీ అనే మరొక సేనాని ఒంటరిగా ఎదిరించి, డెబ్బదికి పైగా గాయాలతో పడిపోయినాడని చరిత్రకారులు వ్రాసినారు. శత్రువైన ఔరంగజేబే ఆయన స్వామిభక్తికి మెచ్చి వైద్యులను పంపించినాడట. తానీషా దౌలతాబాదు దుర్గంలో బందీగా మిగిలిన జీవితం గడిపి, ఖుల్దాబాదు మట్టిలో కలిసిపోయినాడు.

87 బురుజులు మాట నిలుపుకొన్నవి. నీటితొట్లు మాట నిలుపుకొన్నవి. ధాన్యపు కొట్లు మాట నిలుపుకొన్నవి. మాట తప్పినది ఒక్క మనిషి. విద్యార్థులు గోలకొండ నుండి ఇంటికి తీసుకొనిపోదగిన పాఠం ఏదైనా ఉంటే, చప్పట్ల వింతకంటె ఇది పెద్దది. కోట రాతితో నిలుస్తుందని కట్టినవారు అనుకొన్నారు. కాపలావాని మనసుతో నిలుస్తుందని కాలం చెప్పినది.

రాజులు పోయిన తరువాత మహళ్లకు పని లేకపోయినది. పని లేని ఇంటికి కప్పు నిలువదు. ఊరు మాత్రం పోలేదు. ప్రాకారం లోపల బడాబజారు, ఛోటాబజారు, రిసాలాబజారు నేటికీ జనంతో కళకళలాడుతున్నవి. పిల్లలు బడికి, పెద్దలు పనికి ఆ పాత ద్వారాల క్రిందుగానే పోతారు. తలుపులకు ఏనుగులను అడ్డుకొనడానికి బిగించిన ఇనుపమేకుల ప్రక్కనే పండ్లబండి నిలుస్తుంది. ఇటలీలోని కొండ ఊళ్లలో కొన్ని జనం విడిచిపోగా చూపరులకోసం మాత్రమే మిగిలినవి. గోలకొండకు ఆ దుర్గతి పట్టలేదు. అయితే జనం ఉండడమే చాలదు. జనానికి ఆ రాళ్లతో చుట్టరికం ఉండవలెను. 2020 అక్టోబరు వానలకు నయాఖిల్లాలోని మజ్నూ బురుజు కొంతభాగం కూలిపోయినది. నాలుగువందల యేండ్ల వానలకు నిలిచినది మన కాలంలో కూలినదంటే, దోషం వానది మాత్రమే కాదు.

మంచిపని కూడ జరిగినది. సమాధుల ఆవరణలో 2013లో ప్రారంభమైన పునరుద్ధరణ దశాబ్దానికి పైగా సాగి 2024లో ముగిసినది. రాష్ట్ర వారసత్వశాఖ, ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ కలిసి చేసిన ఆ పనిలో సిమెంటును తొలగించి మరల సున్నపు గచ్చు పట్టించినారు. పూడిపోయిన మెట్లబావులను త్రవ్వి తీయగా వానిలో మరల నీరు నిలిచినది. వానికి 2022లో యునెస్కో పురస్కారం లభించినది. చేయి తెలిసిన తాపీపనివాడు, రాతిపనివాడు ఉంటే పాతదానికి ప్రాణం పోయవచ్చునని ఆ బావులు సాక్ష్యమిస్తున్నవి. గోలకొండ కోట, సమాధులు, చార్మినారు 2010లో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాకు ఎక్కినవి. తాత్కాలికమన్న మాటను తొలగించే భారం ప్రభుత్వాలది మాత్రమే కాదు. గోడమీద మేకుతో పేరు గీకబోయే పిల్లవాని చేయి పట్టుకొని ఆపే ఉపాధ్యాయునిది కూడ.

కోటగోడలను దాటి గోలకొండ పేరు నిలిచిన చోటు మరొకటి ఉన్నది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి తాను స్థాపించిన తెలుగు పత్రికకు గోలకొండ పత్రిక అని పేరు పెట్టినారు. తెలంగాణంలో కవులు లేరన్న ఆక్షేపణ వచ్చినప్పుడు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానం చెప్పినారు. తెలుగు చదువుకు ఎదురుగాలి వీస్తున్న ఆ దినాలలో ఆ పేరు ఒక బురుజువలె నిలిచినది. మల్కిభరాముడు తెలుగు కవికి పెట్టిన పీట, మూడున్నర శతాబ్దాల తరువాత ఒక పత్రికగా, ఒక సంచికగా మరల వేసినట్లయినది.

ఆషాఢమాసం వచ్చినదంటే హైదరాబాదు బోనాల పండుగ మొదట గోలకొండలోనే మొదలవుతుంది. లంగర్‌హౌజు నుండి ఊరేగింపు బయలుదేరి, ఫతేదర్వాజా దాటి, బజారుల మీదుగా కోటకు చేరుతుంది. పసుపు పూసి, వేపమండలు కట్టి, దీపం పెట్టిన కుండలను తలకెత్తుకొని ఆడవారు మెట్లు ఎక్కుతారు. వానిలో ఉండేది అమ్మవారికి వండిన అన్నం. ఒకనాడు రాజుకోసం నీటికుండలు ఎక్కిన కొండ ఇది. ఆ చక్రాలు ఆగిపోయినవి, ఆ తొట్లు ఎండిపోయినవి, ఆ నీరు త్రాగిన మహళ్లు కూలిపోయినవి. తల్లికోసం ఎత్తిన కుండ మాత్రం జామీ మసీదు ముంగిటినుండి, రామదాసు గది ప్రక్కగా, ఏటేటా కొండ ఎక్కుతూనే ఉన్నది.